సింహాచలం గిరి ప్రదక్షిణ: 32 కిలోమీటర్ల నడకకు సమగ్ర మార్గదర్శి

విశాఖపట్నంలో సింహాద్రి అప్పన్న కొండను చుట్టి వచ్చే దారి 32 కిలోమీటర్లు. తొలి పావంచా, అంటే కొండ కింద మొదటి మెట్టు, దగ్గర కొబ్బరికాయ కొట్టి బయలుదేరితే సముద్రం దాకా, అంటే దాదాపు 13 కిలోమీటర్లు, ఉత్సాహమే నడిపించేస్తుంది. కష్టమంతా ఆ తర్వాతే. తీరాన అప్పుఘర్ దగ్గర సముద్ర స్నానం చేసి, తడి బట్టలతో, వేళ్ల సందుల్లో ఇసుకతో అలాగే ఎంవీపీ కాలనీ వైపు తిరిగినవాళ్లకి ఇసుకతోట వచ్చేసరికి తొడలు ఒరుసుకుంటాయి. సీతమ్మధార చేరేలోపు పాదాలు పొక్కుతాయి. అందుకే కింద చెప్పేదంతా సముద్రాన్ని కేంద్రంగా పెట్టుకునే ఉంటుంది: అక్కడికి ఏ వేళకి చేరాలి, అక్కడ అరగంటలో ఏం చేయాలి, మిగిలిన 19 కిలోమీటర్లకి ఏం దాచుకోవాలి.

ఏ రోజు, ఎందుకు

ఏటా ఆషాఢ శుద్ధ చతుర్దశి నాడు నడక, మర్నాడు పౌర్ణమి దర్శనం. 2024లో ఇది జులై 20న, 2025లో జులై 9న వచ్చింది. ఆషాఢ పౌర్ణమికే ఎందుకంటే, అక్షయ తృతీయ నాడు చందనం ఒలిచి నిజరూప దర్శనం ఇచ్చిన స్వామికి మళ్లీ నాలుగు విడతలుగా చందనం సమర్పిస్తారు. మొదటిది ఆ రాత్రే, తర్వాత వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పౌర్ణములకి, విడతకి మూడు మణుగుల చొప్పున. ఆఖరి విడతతో స్వామి నిండు చందనంలోకి వస్తాడు. కొండ చుట్టూ నడిచి, పౌర్ణమి నాడు ఆ స్వామిని చూడటమే ఈ ప్రదక్షిణకి పరమార్థం.

నడక కష్టమైనవాళ్లు పౌర్ణమి నాడు కొండ మీద ఆలయం చుట్టూ ప్రదక్షిణ చేసుకుంటారు. పెద్దవాళ్లకి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి అదే సరైన మార్గం. దాన్ని తక్కువగా చూడనక్కర్లేదు.

దారి

కొండ ఎప్పుడూ మీ కుడిచేతి వైపే ఉంటుంది. దారి తప్పామేమోనన్న అనుమానం వస్తే ఈ ఒక్క గుర్తు చాలు.

తొలి పావంచా నుంచి అడవివరం, అక్కణ్నుంచి ముడసర్లోవ మీదుగా ఆరిలోవ, హనుమంతవాక. ఇది సుమారు 10 కిలోమీటర్లు. జాతీయ రహదారి దాటి విశాలాక్షినగర్ మీదుగా జోడుగుళ్లపాలెం దిగితే సముద్రం, పక్కనే అప్పుఘర్. అక్కడ తీరాన్ని వదిలి ఎంవీపీ డబుల్ రోడ్డు, వెంకోజీపాలెం, ఇసుకతోట. మళ్లీ రహదారి దాటి హెచ్‌బీ కాలనీ, సీతమ్మధార, కైలాసపురం మీదుగా మాధవధార. తర్వాత మురళీనగర్, ఎన్‌ఏడీ కొత్తరోడ్డు, గోపాలపట్నం, ప్రహ్లాదపురం, గోశాల కూడలి, తిరిగి తొలి పావంచా.

మొత్తం తారు రోడ్డే. కొండ ఎక్కడం లేదు. సులువని అనిపించేది దీనివల్లే, దెబ్బ తీసేదీ ఇదే. మట్టి బాటలో ప్రతి అడుగూ ఒక్కోలా పడుతుంది కాబట్టి భారం కాలంతటా సర్దుకుంటుంది. తారు మీద నలభై వేలకి పైగా అడుగులూ ఒకే చోట, ఒకే కోణంలో పడతాయి. ఆ రాపిడి ఫలితమే మడమ నొప్పి, పొక్కులు.

బయటి ఊళ్ల నుంచి వచ్చేవాళ్లకి ఒక మాట. సింహాచలం రైల్వే స్టేషన్ కొండ కింద లేదు, గోపాలపట్నం వైపు ఉంది. అక్కడ దిగితే తొలి పావంచాకి ఇంకా నాలుగైదు కిలోమీటర్లు. ఆ రోజు ట్రాఫిక్ ఆంక్షల వల్ల ఆటోలు దూరంలోనే ఆపేస్తారు. ఈ దూరాన్ని కూడా మీ నడకలో కలుపుకునే లెక్క వేసుకోండి.

ఆరు వారాల ముందు నుంచి

రోజూ నడిచే అలవాటు లేనివాళ్లకి ఆరు వారాలు కావాలి. వారంలో నాలుగు రోజులు ముప్పావు గంట చొప్పున మామూలు నడక, ఆదివారం ఒక పెద్ద నడక. ఆ ఆదివారాలు 6, 9, 12, 16, 20 కిలోమీటర్లుగా పెంచుకుంటూ వెళ్లి, ఆరో వారం 8 దగ్గర ఆపేయాలి. 20 నడవగలిగిన శరీరం ప్రదక్షిణ రోజున 32 నడుస్తుంది. ముందే 32 నడిచి చూసుకుందామని ఆఖరి వారంలో ప్రయత్నిస్తే కాళ్లు కోలుకోకుండానే చతుర్దశి వచ్చేస్తుంది.

పెద్ద నడకల్లో కనీసం రెండు, బయలుదేరబోయే వేళకే చేయండి. మధ్యాహ్నం ఎండలో నడవాలనుకున్నవాళ్లు రోజూ తెల్లవారి చల్లగాలిలో సాధన చేస్తే ఉపయోగం సగమే. విశాఖలో జులై ఎండ రోహిణి కార్తెలా కాల్చదు గానీ, గాలిలో తేమ వల్ల చెమట ఆరదు. చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. ఆ ఉక్కకి శరీరం అలవాటు పడాలంటే పది రోజులైనా అందులో తిరగాలి.

మధుమేహం, గుండె జబ్బు, రక్తపోటు ఉన్నవాళ్లు డాక్టరుతో మాట్లాడాకే పూనుకోండి. మధుమేహానికి ఇన్సులిన్, మాత్రలు వేసుకునేవాళ్లు ఉపవాసంతో ఈ నడక చేయకూడదు. కండరాలు చక్కెరను వాడేసుకుంటుంటే, మందు దాన్ని ఇంకా దించేస్తుంది. మనిషి నడుస్తూ నడుస్తూనే తూలిపోతాడు.

చెప్పులా, బూట్లా, ఒట్టి కాళ్లా

మొక్కు ఉంటే ఒట్టి కాళ్లతోనే నడుస్తారు. అయితే పాదాలు దానికి సిద్ధమై ఉండాలి. ఆరు వారాలూ రోజూ పావుగంటతో మొదలుపెట్టి గంట దాకా రోడ్డు మీద ఒట్టి కాళ్లతో నడిస్తే అరికాలి చర్మం గట్టిపడుతుంది. ఆ సాధన లేనివాళ్లు సంచిలో పలుచటి చెప్పులు పెట్టుకోండి. మధ్యాహ్నం తారు అంటుకుపోయేలా ఉన్నప్పుడు రోడ్డు అంచున తెల్లగీత మీద నడవండి. తెలుపు వేడిని అంతగా పీల్చుకోదు, నల్లటి తారుకీ దానికీ తేడా అరికాలికి వెంటనే తెలుస్తుంది. వాన పడగానే మాత్రం అదే గీత నున్నగా జారుతుంది, అప్పుడు తారు మీదకి వచ్చేయాలి.

తొలి పావంచా చుట్టూ పగిలిన కొబ్బరి చిప్పల ముక్కలు నేలంతా పరుచుకుని ఉంటాయి. ఒట్టి కాళ్లవాళ్లకి మొదటి గాయం తగిలేది ఇక్కడే, నడక మొదలవకముందే. కాయ కొట్టాక గుంపుతో పాటు తోసుకోకుండా, కింద చూసుకుంటూ పక్కకి జరగండి.

చెప్పులు వేసుకునేవాళ్లకి కొత్త జత వద్దు. కనీసం 60 కిలోమీటర్లు తిరిగిన జత కావాలి. వెనక మడమకి పట్టీ ఉన్న శాండిల్ ఈ దారికి బాగుంటుంది, వానలో తడిసినా త్వరగా ఆరుతుంది. బూట్లయితే అర సైజు పెద్దవి తీసుకోండి, గంటల తరబడి నడిస్తే పాదం వాస్తుంది. హవాయి చెప్పులు అస్సలు వద్దు. అవి జారిపోకుండా కాలివేళ్లు ప్రతి అడుగుకీ బిగించి పట్టుకోవాలి, పది కిలోమీటర్లకే పిక్కలు పట్టేస్తాయి.

గోళ్లు మూడు రోజుల ముందు కత్తిరించుకోండి. అదే రోజు కత్తిరిస్తే అంచులు పదునుగా ఉండి పక్క వేలిని కోస్తాయి.

సంచిలో ఏముండాలి

అన్నీ కలిపి, లీటరు నీళ్లతో సహా, మూడు కిలోలు దాటకూడదు.

- లీటరు నీళ్ల సీసా, చిన్న స్టీలు గ్లాసు
- ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు నాలుగు
- పొడి బట్టల జత, లోదుస్తులతో సహా, గాలి చొరని ప్లాస్టిక్ కవర్లో
- పలుచటి తువ్వాలు రెండు: ఒకటి ఒంటికి, ఒకటి పాదాలకే
- మేజోళ్లు రెండు జతలు
- వ్యాజిలీన్ లేదా కొబ్బరి నూనె, పౌడరు
- కాగితపు సర్జికల్ టేపు, గాజుగుడ్డ, సూది, డెట్టాల్
- అరటిపళ్లు, ఖర్జూరాలు, వేరుశెనగ అచ్చులు
- రోజూ వేసుకునే మందులు, ఆధార్ నకలు, ఇంటి ఫోన్ నంబరు రాసిన చీటీ
- పలుచటి రెయిన్‌కోటు

గొడుగు వద్దు. అంత గుంపులో దాని ఊచలు పక్కవాళ్ల కళ్లలో గుచ్చుకుంటాయి. రెండో తువ్వాలు ఎందుకని తీసి పక్కన పెట్టకండి, సముద్రం దగ్గర అది చేసే పని మరేదీ చేయదు. గ్లాసు ఎందుకంటే, దారిపొడవునా మజ్జిగ, పానకం, నీళ్లు పోస్తారు. మన గ్లాసుంటే దారిలో ఒక ప్లాస్టిక్ కప్పు తగ్గుతుంది, కొండకి చేసే సేవలో అదీ ఒక భాగమే.

బయలుదేరే వేళను సముద్రం నుంచి వెనక్కి లెక్కేయండి

మధ్యాహ్నం స్వామి రథం తొలి పావంచా నుంచి కదులుతుంది. చాలామంది దాని వెనకే నడుస్తారు. తెల్లవారుజాము నుంచే నడక మొదలుపెట్టేవాళ్లూ ఉంటారు.

వేగం కిలోమీటరుకి 15 నిమిషాలు పెట్టుకోండి. అలా 32 కిలోమీటర్లకి ఎనిమిది గంటలు, ఆగేవి, గుంపులో నెమ్మదించేవి కలిపితే పది నుంచి పన్నెండు. సముద్రం దాకా 13 కిలోమీటర్లకి మూడుంపావు గంట, గుంపుంటే నాలుగు.

విశాఖలో ఆ రోజుల్లో పొద్దు గుంకేది సుమారు ఆరున్నర దాటాక. మూడింటికి బయలుదేరితే అప్పుఘర్ చేరేసరికి చీకటి పడుతుంది. చీకట్లో ఆ సముద్రంలో దిగకూడదు. కాబట్టి స్నానం చేయాలనుకునేవాళ్లు ఒంటిగంటలోపే కాయ కొట్టాలి, లేదా తెల్లవారుజామున రెండింటికి బయలుదేరి సూర్యోదయానికి ఒడ్డున ఉండాలి. మా సలహా రెండోదే: చల్లదనం, పలుచటి గుంపు, వెలుతురులో స్నానం మూడూ దొరుకుతాయి. రథంతో పాటే నడవాలని మొక్కుకున్నవాళ్లు నీళ్లలో దిగే ఆలోచన మానుకుని ఒడ్డున తలమీద నీళ్లు చల్లుకుంటే చాలు.

బయలుదేరే రెండు గంటల ముందు ఇడ్లీ గానీ పెరుగన్నం గానీ కడుపు నిండా కాకుండా తినండి. తొడల సందుల్లో, చంకల్లో, వేళ్ల మధ్య వ్యాజిలీన్ రాసుకోండి. ఎప్పుడూ పొక్కే చోటు మీకు తెలిస్తే అక్కడ ముందే టేపు అంటించుకోండి.

తొలి పావంచా నుంచి హనుమంతవాక దాకా

మొదటి గంట కావాలనే నెమ్మదిగా నడవండి. డప్పుల చప్పుడు, గోవింద నామాలు, పక్కన పరుగు లాంటి నడకతో దాటిపోయే కుర్రాళ్లు, ఇవన్నీ మిమ్మల్ని లాగుతాయి. పక్కవాళ్లతో ఆయాసం లేకుండా మాట్లాడగలుగుతున్నారంటే మీ వేగం సరిపోయినట్టు.

నీళ్లు గంటకి అర లీటరు, పావుగంటకో నాలుగు గుక్కల చొప్పున తాగండి. రెండు గంటలకొకసారి ఓఆర్‌ఎస్. పెద్ద ప్యాకెట్టుకి సరిగ్గా లీటరు నీళ్లు, చిన్నదానికి దాని మీద రాసినన్ని నీళ్లు కలపాలి, తక్కువ నీళ్లలో చిక్కగా కలిపితే వాంతి రావచ్చు. ప్యాకెట్టు లేకపోతే లీటరు నీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. ఉప్పు లేకుండా ఒట్టి నీళ్లే లీటర్లకి లీటర్లు తాగేవాళ్లకి తలనొప్పి, వికారం వస్తాయి. దాన్ని దాహమనుకుని ఇంకా తాగుతారు. ఒంట్లో ఉప్పు పలచబడటమే దానికి కారణం. ఉప్పేసిన మజ్జిగ ఈ దారిలో అందుకే అమృతం.

పులిహోర, చక్కెర పొంగలి ప్రతి కూడలిలో పెడతారు. ప్రసాదమని ప్రతిచోటా దొప్పెడు తింటే నడక బరువెక్కుతుంది. గంటన్నరకోసారి గుప్పెడు తినండి, మిగతాచోట్ల కళ్లకద్దుకుని ముందుకు సాగండి. పంచేచోట నేల మీద పడ్డ మజ్జిగ, అన్నం, అరటి తొక్కలు కాలుజారేలా చేస్తాయి.

హనుమంతవాకలో పది నిమిషాలు ఆగి పాదాలు చూసుకోండి. ఇక్కడే విమ్స్ ఆసుపత్రి ఉంది. ఒంట్లో బాగోలేకపోతే ఆగిపోవడానికి దారి మొత్తంలో ఇంతకంటే మంచి చోటు లేదు.

సముద్రం దగ్గర అరగంట

జోడుగుళ్లపాలెం మత్స్యకారుల ఊరు. వాళ్లకి తెలిసిన సంగతి నడిచి వచ్చేవాళ్లకి తెలియదు. పున్నమికీ అమావాస్యకీ పోటు ఎక్కువ, కాబట్టి మనం వచ్చే రోజున నీళ్లు మామూలు కంటే పైకి వస్తాయి. నైరుతి గాలి కెరటాన్ని ఇంకా లేపుతుంది. పైగా ఇక్కడ ఒడ్డు వాలు ఎక్కువ, నాలుగడుగులకే లోతు మారిపోతుంది.

మోకాలి లోతులో నిలబడి చూడండి. కెరటం విరిగి వచ్చి వెనక్కి మళ్లుతుంటే పాదాల కింద ఇసుక కరిగిపోతుంది, చుట్టూ గుంట పడుతుంది. మీరు కదలకుండానే కిందికి దిగిపోతారు. రెండో కెరటం అప్పుడే వచ్చిందంటే మనిషి వెల్లకిలా పడతాడు, వెనక్కి మళ్లే నీరు లోపలికి ఈడుస్తుంది. అందుకే మోకాలి లోతు దాటవద్దు. ఒకేచోట నిలబడిపోవద్దు. సముద్రానికి వీపు పెట్టవద్దు, ఫొటో కోసమైనా సరే. ఇద్దరిద్దరుగా చేతులు పట్టుకుని దిగండి. పిల్లల్ని నీళ్లలోకి దింపకుండా చెంబుతో ఒడ్డునే పోయండి. పోలీసులు, గజఈతగాళ్లు నిలబడిన చోటనే దిగండి.

రెండు పక్కలా కెరటాలు విరుగుతుంటే మధ్యలో ఒకచోట నీరు నెమ్మదిగా, కాస్త నల్లగా కనిపిస్తుంది. అది భద్రమైన చోటు అనుకుంటారు. ఒడ్డుకొచ్చిన నీరంతా తిరిగి లోపలికి పరుగెత్తే కాలువ అదే. అందులో చిక్కుకుంటే ఒడ్డు వైపు ఈదితే అలసిపోవడమే మిగులుతుంది. తేలుతూ, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈదితే ఆ లాగుడు వదిలేస్తుంది.

స్నానం అయ్యాక చేసే పని స్నానం కంటే ముఖ్యం, ఈ వరసలోనే చేయండి. ముందు మంచినీళ్లతో, రెండు లీటర్లు చాలు, తొడలూ పాదాలూ ఉప్పు పోయేలా కడగండి. ఉప్పునీరు ఆరాక చర్మం మీద మిగిలే ఉప్పు గరుకు కాగితంలా రుద్దుతుంది. తర్వాత రోడ్డు పక్కకి వచ్చేసి కూర్చోండి. ఇసుక మీద కూర్చుని తుడుచుకుంటే తుడిచినంతా మళ్లీ అంటుకుంటుంది. రెండో తువ్వాలు అంచును వేళ్ల మధ్య దూర్చి ఒక్కో సందూ విడిగా తుడవండి. చిటికెన వేలి కింద మడతలో ఇసుక దాక్కుంటుంది, వేలు పైకెత్తి చూడండి. ఐదు నిమిషాలు గాలికి వదిలేసి, పౌడరు వేసి, కొత్త మేజోళ్లు తొడగండి. తడి బట్టలు పూర్తిగా మార్చండి, లోదుస్తులతో సహా. మళ్లీ వ్యాజిలీన్. ఆ తర్వాత రెండు అరటిపళ్లు, ఒక గ్లాసు మజ్జిగ.

దీనికి అరగంట పడుతుంది. తోటివాళ్లు తొందరపెట్టినా తగ్గించకండి.

ఎంవీపీ నుంచి మాధవధార: మనసు జారే చోటు

సముద్రం వెనకబడింది, కొండ కళ్లకి ఎదురుగా లేదు, చుట్టూ ఊరు. ఇక్కడ దూరాన్ని కాకుండా మజిలీలను లెక్కపెట్టుకోండి: ఇసుకతోట, హెచ్‌బీ కాలనీ, సీతమ్మధార, కైలాసపురం, మాధవధార. ఒక్కోచోట మూడు నిమిషాలు నిలబడే విశ్రాంతి. కూర్చోవడం ఈ భాగం మొత్తంలో రెండుసార్లకి మించకూడదు, పావుగంట దాటకూడదు. ఎక్కువసేపు కూర్చుంటే కండరాలు చల్లబడి బిగుసుకుంటాయి, లేచిన మొదటి వంద అడుగులు నరకం.

అరికాల్లో ఎక్కడైనా మంటగా అనిపిస్తే ఆ క్షణమే ఆగండి. వచ్చే కూడలిలో చూద్దామనుకుంటే కిలోమీటరులోపే పొక్కు లేస్తుంది. ఎర్రబడిన చోట టేపు ముడతలు లేకుండా అంటిస్తే అక్కడితో ఆగుతుంది. చిన్న పొక్కు లేచినా చిదపకండి, చుట్టూ గాజుగుడ్డ మడిచి పెట్టండి. అడుగు వేయలేనంత పెద్దదైతే డెట్టాల్‌తో తుడిచిన సూదితో అంచున గుచ్చి నీరు కార్చి, పై చర్మం ఊడదీయకుండా కట్టండి. మధుమేహం ఉన్నవాళ్లు గుచ్చనే కూడదు, వైద్య శిబిరానికి వెళ్లాలి.

మాధవధారలో కొండ మళ్లీ దగ్గరికి వస్తుంది. ఇక్కడి మాధవస్వామి గుడి దగ్గర ధారలో చాలామంది స్నానం చేస్తారు. దర్శనం చేసుకోండి, ముఖం, చేతులు కడుక్కోండి. పాదాలను మాత్రం మళ్లీ తడపకండి. ఇంకా పది కిలోమీటర్లు ఉంది.

ఎన్‌ఏడీ నుంచి తొలి పావంచా

ఎన్‌ఏడీ ఫ్లైఓవర్ కింద వాహనాలూ జనమూ కలిసిపోతాయి. మనుషులు తప్పిపోయేది ఎక్కువగా ఇలాంటిచోటే. ఫోన్లు కలవవు. అందుకని బయలుదేరే ముందే కలుసుకునే చోట్లు అనుకోండి: హనుమంతవాక, అప్పుఘర్, ఇసుకతోట, ఎన్‌ఏడీ. విడిపోతే వెనక్కి వెతకడం మానేసి, తర్వాతి చోటికి వెళ్లి అరగంట ఆగడమే నియమం. పిల్లల ముంజేతి మీద ఫోన్ నంబరు పెన్నుతో రాయండి, చెమటకి చెరిగితే మళ్లీ దిద్దండి.

పిక్క పట్టేస్తే నడుస్తూ వదిలించుకోవాలని చూడకండి. కాలు చాచి, వేళ్లను మీ వైపుకి లాగి అరనిమిషం పట్టుకోండి, మూడుసార్లు చేయండి. ఉప్పు మజ్జిగ తాగండి.

ఈ లక్షణాలుంటే మాత్రం ప్రదక్షిణ అక్కడితో ఆపేయాలి: ఛాతీలో బిగువు, ఎడమ చేతికి గానీ దవడకి గానీ పాకే నొప్పి, మాట తడబడటం, ఒళ్లు కాలిపోతూ ఉండి మనిషి అయోమయంగా మాట్లాడటం. నీడకి చేర్చి వెంటనే 108కి ఫోన్ చేయండి, ఒళ్లు కాలిపోతుంటే ఒంటి మీద నీళ్లు పోసి విసరండి. స్పృహ సరిగా లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకండి.

గోపాలపట్నం దాటాక గోశాల కూడలి దాకా అందరూ వేగం పెంచుతారు. మీరు పెంచకండి. అలసిన కాలు సరిగా లేవదు, చిన్న రాయికే తట్టుకుంటుంది. తొలి పావంచా దగ్గర మళ్లీ కొబ్బరికాయ కొట్టి నమస్కారం చేసుకుంటే ప్రదక్షిణ పూర్తయినట్టు.

ఆ తర్వాత

వెంటనే మెట్లెక్కి దర్శనానికి వెళ్లాలనిపిస్తుంది. వెయ్యికి పైగా మెట్లు ఉన్నాయి. ఎక్కడం కంటే దిగడం మోకాళ్లకి ప్రమాదం, అలసిన తొడ కండరం బరువును ఆపలేదు. ఘాట్ రోడ్డు బస్సులో వెళ్లండి, లేదా రెండు మూడు గంటలు పడుకుని లేచి వెళ్లండి.

ఇంటికి చేరాక పాదాలను గోరువెచ్చటి నీళ్లతో కడిగి, ఆరబెట్టి, దిండు మీద ఎత్తుగా పెట్టి అరగంట పడుకోండి. నొప్పి మాత్రలు ఖాళీ కడుపున, ఒంట్లో నీరు తగ్గి ఉన్నప్పుడు వేసుకుంటే మూత్రపిండాలకి చేటు. ముందు తిని, తాగి, మూత్రం మామూలుగా వచ్చాకే అవసరమైతే వేసుకోండి. మూత్రం ముదురు గోధుమ రంగులో వస్తే మర్నాటి దాకా ఆగకుండా డాక్టరు దగ్గరికి వెళ్లండి. కాళ్ల నొప్పులు రెండో రోజున ఎక్కువవుతాయి, నాలుగో రోజుకి తగ్గుతాయి. మంచం పట్టకుండా రోజూ పావుగంట నెమ్మదిగా నడుస్తుంటే ఇంకా త్వరగా వదులుతాయి.